గీతల బండి

గేటు తాళం తీయాలి. గోల్ చట్రాలు రెండింటికీ వలలు కట్టాలి. నాలుగు మూలలా జెండాలు గుచ్చాలి. సాసేజీలకు నీళ్లు పొయ్యి మీద పెట్టాలి. కాగాలి గాని మరగకూడదు, మరిగితే తోలు చిట్లుతుంది. ఉతికిన జెర్సీలు నంబరు వరసన కొక్కేలకు తగిలించాలి. రిఫరీకి కాఫీ పెట్టాలి. స్నానాల గదిలో వేడినీళ్ల మీట వేయాలి, మరిచిపోతే ఆట అయ్యాక రెండు జట్ల మగాళ్లూ చన్నీళ్ల కింద వణుకుతూ తిట్టిపోస్తారు. బండిలో సుద్దపొడి పోసి మైదానం గీతలు గీయాలి.

ఆసుపత్రి నడవాలో గోడవారన వేసిన కుర్చీలో కూర్చుని గుడ్రున్ ఈ పనులన్నీ మనసులో మళ్లీ మొదటినుంచీ చేసుకొస్తోంది. ప్రతిసారీ ఆఖరి పని దగ్గరికి వచ్చేసరికి మనసు కాళ్లు తన్నిపట్టి నిలబడిపోతోంది, లారీ ఎక్కనని మొరాయించిన ఆవులా. అక్కడినుంచి వెనక్కి, మళ్లీ గేటు తాళం. ఈసారి గీతలు గీయకుండా వదిలేస్తే? పొద్దుటి వానకు పాత గీతలన్నీ కొట్టుకుపోయాయి. "పెనాల్టీ గీత కనబడకపోతే నేను ఈల ఊదను, ఆపైన మీ ఇష్టం" అన్నాడు రిఫరీ, కాఫీ కప్పులోకి ఊదుకుంటూ. ఊదకపోతే పోయేది. సొంత మైదానం సిద్ధం చేసుకోలేని జట్టు ఆడకుండానే ఓడినట్టు లెక్క. ట్రాక్టర్ వోల్టర్స్‌లేబెన్ అనే ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు జిల్లా లీగులో అట్టడుగు తరగతిలో, ఆ తరగతిలోనూ అట్టడుగున ఉంది. ఇంకా కిందికి జారడానికి జాగాయే లేదు. ఇంకొకసారి ఓడితే ఏమయ్యేది? క్లబ్బు పెద్ద డెట్లెఫ్ ఒక సిగరెట్టు ఎక్కువ తాగేవాడు. సాసేజీలు మిగిలిపోయేవి. ఆ ఒక్క ఓటమి ఇప్పుడు ఎవరైనా ఇస్తానంటే గుడ్రున్ తన రెండు చేతులూ కోసి ఇచ్చేస్తుంది. ఆ చేతులనే కోటు జేబుల్లో దాచుకుని కూర్చుంది. వేళ్ల సందుల్లో, చలికి పగిలిన చోటల్లా మంట. చూస్తే ఎర్రగా ఉంటాయని తెలుసు. అందుకే చూడడం లేదు.

ఎదురుగా రెండు రెక్కల తలుపు అవతల ఫాల్క్ ఉన్నాడు. జట్టు గోల్‌కీపరు, చక్కెర ఫ్యాక్టరీలో బీట్ దుంపలు దించే చోట పని. దుంపల కాలం గనుక రాత్రి షిఫ్టు దిగి, కాస్త కునుకు తీసి, కళ్లు నులుముకుంటూ ఆటకు వచ్చినవాడు. కళ్లు. అతని కళ్లను వచ్చినప్పటినుంచీ కడుగుతూనే ఉన్నారు. సీసా వెనక సీసా వేలాడదీసి, రెప్పలు విడదీసి పట్టుకుని, ధారగా. తలుపు తెరుచుకున్నప్పుడల్లా నీళ్లు బేసిన్లో పడుతున్న చప్పుడు వినిపిస్తుంది, మూసుకోగానే ఆగుతుంది. పాలు పితికే చప్పుడులాగే ఉంది అది. పాతికేళ్లు ఆ చప్పుడు విని బతికింది ఆమె, సహకార క్షేత్రం పశువుల కొట్టంలో. ఏటా వసంతంలో కొట్టం గోడలకు సున్నం కొట్టడానికి వచ్చేవాడు లోటార్. రెప్పవెంట్రుకలతో సహా తెల్లగా అయిపోయి, కళ్లకు మోటారుసైకిల్ అద్దాలు పెట్టుకుని, నిచ్చెన మీదినుంచి "అమ్మాయ్, నీ ఆవుల్ని అవతలికి తోలు, వీటికి అన్నీ నాకి చూడాలనే" అనేవాడు. అద్దాలు తీస్తే కళ్ల చుట్టూ రెండు గులాబి గుండ్రాలు. ఆ గుండ్రాలు చూసే తను నవ్వింది మొదటిసారి. తడి సున్నం వాసన, ఆవుల వేడి, నవ్వు. అతన్ని పెళ్లాడి ఇన్నేళ్లయినా ఆ వాసన అంటే ఆమెకు మంచి వాసనే, ఇవాళ మధ్యాహ్నం దాకా.

ఇవాళ మధ్యాహ్నం ఆ వాసన ఫాల్క్ మొహంలోంచి వచ్చింది.

ఎదుటి జట్టు ఆల్ట్‌హాగెన్ వాళ్ల ఆటగాడు దూసుకొచ్చాడు, ఫాల్క్ అతని కాళ్ల మీదికి దూకాడు, బంతి దొరికింది గాని మొహం గోల్ గీత మీదుగా నాగలిలా దున్నుకుంటూ పోయింది. లేచి కూర్చున్నాడు, బంతి వదలకుండానే. తడి బురద, దాని మీద తెల్లటి ముద్ద, కంటినిండా. ముందు అందరూ నవ్వారు. ఆల్ట్‌హాగెన్ వాళ్లలో ఎవడో బీరు సీసా ఎత్తి "ఏడవకురా నాయనా, అమ్మ వచ్చి ముక్కు తుడుస్తుంది!" అని అరిచాడు. నిజంగానే వాళ్లమ్మ కెర్స్టిన్ కంచె దాటుతోంది, తనూ నవ్వుతూనే, పెద్ద గాడిదవయ్యావు అంటూ. ఫాల్క్ చేతి తొడుగుతో కళ్లు తుడుచుకున్నాడు. రుద్దుకున్నాడు. అయ్యో, రుద్దకు అని చెప్పాలని గుడ్రున్‌కు అప్పటికి తట్టలేదు. నీళ్ల బకెట్టు, స్పాంజీ పట్టుకుని పోయింది, మోకాళ్లు కొట్టుకునేవాళ్లకు ఎప్పుడూ పోయినట్టే. అతను అరవడం మొదలుపెట్టాడు. మనిషి అరిచినట్టు లేదు. ఆమె వంగింది, సున్నం వాసన తగిలింది. బకెట్టు మొత్తం అతని మొహాన కుమ్మరించింది. ఇంకో బకెట్టు. ఇంకోటి. "నీళ్లు తెండి, గొట్టం తెండి, కళ్లు తెరిచి పట్టుకోండి" అని ఆమె కేకలు వేస్తుంటే ఎవరికీ అర్థం కాలేదు. ఇంత గట్టిగా అరవగలదని వాళ్లెవరికీ తెలియదు.

"నువ్వు లేకపోతే ఏమయ్యేదో" అంటోంది కెర్స్టిన్ పక్క కుర్చీలోంచి, ఇప్పటికి చాలాసార్లు అన్నదే. "మొద్దుల్లా నిలబడి చూస్తున్నారు మగాళ్లు. డాక్టరు కూడా అన్నాడు కదా, వెంటనే నీళ్లు పోసినవాళ్లెవరని. నువ్వేనని చెప్పాను."

"ఎవరైనా పోస్తారు, కెర్స్టిన్."

"ఎవరూ పోయలేదు. సున్నమని కూడా నువ్వే చెప్పావు. నీకెలా తెలిసిందే?"

"వాసన."

కెర్స్టిన్ తలూపింది. ముక్కు చీదుకుని, రుమాలు మడిచి, మళ్లీ విప్పి, మళ్లీ మడిచింది. ఇద్దరి ఇళ్లకూ మధ్య ఒకటే కంచె. ఫాల్క్‌కు నడక వచ్చింది ఆ కంచె పట్టుకునే. కెర్స్టిన్ ఆదివారం కేకు చేస్తే ఒక ముక్క కంచె మీదినుంచి వస్తుంది, గుడ్రున్ కోళ్లు గుడ్లు పెడితే అటు వెళతాయి. భర్త వదిలేసి పోయిన ఏడాది కెర్స్టిన్ ఒక్కతే ఏడుస్తూ వంటింట్లో కూర్చుంటే, ఫాల్క్‌ను మైదానానికి తీసుకుపోయినవాడు లోటార్. గీతల బండి వెనక నడిపించి, పక్కకు తొక్కితే కాళ్లు విరగ్గొడతానని బెదిరించి, చివరకు గోల్ చట్రం మధ్యన నిలబెట్టి ఇక్కడినుంచి కదలకు అన్నవాడు. కదల్లేదు వాడు. ఎన్ని గోల్స్ పడినా కదల్లేదు. మిగతా కుర్రాళ్లంతా పెద్ద ఊళ్లకు, మంచి జట్లకు, ఉద్యోగాలకు పోయారు. పక్క జిల్లా క్లబ్బు వాళ్లు అడిగితే "మా మైదానం గీతలకు అలవాటు పడ్డాను, వేరేచోట వంకరగా పడతాను" అన్నాడట. లోటార్ గీసిన గీత మీద పట్టాలు వేస్తే రైలు కుదుపు లేకుండా పోతుందని జిల్లా అంతా చెప్పుకునేవాళ్లు. ఆ మాట విన్నప్పుడు లోటార్ ముక్కు తుడుచుకునేవాడు, అంతే.

డెట్లెఫ్ కాఫీ యంత్రం దగ్గర నిలబడి ఉన్నాడు. డబ్బులు వేయడం లేదు, ఊరికే మీటలు చూస్తున్నాడు. క్లబ్బు అధ్యక్షుడు, ఊళ్లో హీటర్లు బిగించేవాడు, మంచివాడు. గుడ్రున్ ఇంట్లో హీటరు చెడిపోతే అర్ధరాత్రయినా వస్తాడు. అంబులెన్సు వెనకాలే ఆమెను తన కారులో తీసుకొచ్చాడు. దారిపొడుగునా దుంపల లారీలు, చక్రాలకు అంటిన నల్లమట్టి, అద్దం తుడిచే పుల్ల కీచుమంటూ. ఆసుపత్రి ముందు కారు ఆపి, ఇంజను ఆపకుండా, ముందుకే చూస్తూ చెప్పాడు.

"పోలీసులు ఫోన్ చేశారు. ఒకామెను పంపుతున్నారు. గీతల బండిలో ఆ సున్నం ఎవరు పోశారని అడుగుతుంది."

"నేనే పోశాను కదా, డెట్లెఫ్. నువ్వు చూశావు కదా."

"నేనొక్కణ్నే చూశాను. మిగతావాళ్లంతా వానకు లోపలున్నారు." స్టీరింగు మీద వేళ్లతో కొట్టాడు. "బండి ముందే నిండి ఉంది, గుడ్రున్. మొన్నామధ్య లోటార్ వృద్ధాశ్రమం నుంచి తప్పించుకుని మైదానానికి వచ్చాడా లేదా? ఊరంతా చూసిందా లేదా? ఆ రోజు నింపేసి పోయాడు. నువ్వు లాగావు, అంతే."

"ఆయన నింపలేదు."

"నింపలేదని నాకూ తెలుసు. వాణ్ని ఎవరేం చేస్తారు చెప్పు? జడ్జి ముందు నిలబెడితే జడ్జినే ఆఫ్‌సైడా అని అడుగుతాడు. నిన్నైతే కోర్టుకు ఈడుస్తారు. బీమావాళ్లు చేతులెత్తేస్తారు, మా అందరి మెడకూ చుట్టుకుంటుంది, క్లబ్బుకు తాళం పడుతుంది. అదంతా పోనీ. రేపు పొద్దున లేచి కంచె అవతల కెర్స్టిన్ మొహం ఎలా చూస్తావు? లోటార్ అంటే ఆమె క్షమిస్తుంది. మతిలేనివాడు కదా. నిన్ను?" అప్పుడు ఇంజను ఆపాడు. "నువ్వేమీ చెప్పక్కర్లేదు. నేను చెబుతాను. నువ్వు కాదనకుండా ఉంటే చాలు."

ఏమీ చెప్పక్కర్లేదు. కాదనకుండా ఉంటే చాలు. ఈ మాటలు తలలో తిరుగుతున్నాయి, గేటు తాళానికీ గీతలకూ మధ్య. లోటార్ వచ్చిన రోజు ఏం చేశాడో ఆమెకు తెలుసు. ఆశ్రమం చెప్పులతో, పైజామా మీద కోటుతో వచ్చి, సామాన్ల కొట్టం ముందు నిలబడ్డాడు. బండి ఖాళీగా బోర్లించి ఉంది. వాడాక దులిపి బోర్లించాలి, లేకపోతే లోపల చెమ్మకు పొడి గడ్డకడుతుంది, ఆమెకు నేర్పింది అతనే. బోర్లించిన బండి మీద చెయ్యి వేసి నిలబడ్డాడు, ముసలి గుర్రం మెడ మీద వేసినట్టు. తను వెళ్లి పిలిస్తే తిరిగి చూసి "మీరు ఆల్ట్‌హాగెన్ వాళ్లా?" అన్నాడు. కాదు, ఇక్కడివాళ్లమే అంది. అయితే సరే అన్నాడు. ఆ తరవాత ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి వచ్చాడు. శనివారం వస్తే చాలు, ఆదివారం ఆటకు ఆయన గీతలు గీసే రోజు, కాలు నిలవదట, నర్సులు చెబుతారు; ఊతకు ఇచ్చిన నడక బండిని ముందుకు తోయకుండా వెనక్కి నడుస్తూ లాగుతాడట, నేల పలకల సందు మీద చక్రం తప్పకుండా, నడవా ఈ చివరినుంచి ఆ చివరిదాకా. అడ్డొచ్చిన ముసలివాళ్లను గీత మీదినుంచి తప్పుకోమని గద్దిస్తాడట. నర్సులకు అదొక వేడుక. పోనివ్వండి, నడిస్తే మంచిదే అంటారు.

సుద్ద సంచి తడిసి రాయిలా గడ్డకట్టింది ఇవాళ. సామాన్ల కొట్టం కప్పు కారుతుందని వేసవినుంచీ చెబుతూనే ఉంది. గుద్దితే పెళ్లలు రాలాయి గాని పొడి కాలేదు. రిఫరీ కాఫీ అయిపోవస్తోంది. పాత టైర్ల వెనక మూలన ఇంకో సంచి, గోడవైపు తిప్పి పెట్టి ఉంది. స్నానాల గది గోడలకు బూజు పడితే కొట్టడానికి లోటార్ తెచ్చిన సున్నం, సగం మిగిలింది. గోడవైపు తిప్పి పెట్టి ఉంది. ఇంట్లో కూడా అంతే చేసేవాడు. ఘాటు వెనిగారు సీసా, ఎలుకల మందు, ముట్టుకోకూడనిదేదైనా సరే, మొహం గోడవైపు. కొత్త పెళ్లికూతురిగా ఆమె నవ్వేది, తప్పు చేసిన పిల్లల్ని నిలబెట్టినట్టుందని. తెలుసు. అన్నీ తెలుసు. పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి అదే సున్నం పీల్చిన మనిషికి తెలియకపోవడమేమిటి? తెలిసిన మనసు ఆ క్షణాన ఎక్కడికి పోయింది? సాసేజీల నీళ్ల మీదికి పోయింది. మరుగుతున్నాయేమో అని. ఆ ఆలోచనలోనే సంచి లాగింది, మూతి చింపింది, బండిలో పోసింది. పొడి పొగలా లేచింది, చాలా మెత్తగా, చాలా తెల్లగా. నల్లటి తడి నేల మీద గీత అలా వెలిగిపోతుంటే ఆమెకు, చెప్పుకోవడానికి సిగ్గు, సంతోషం కలిగింది. లోటార్ చూస్తే మెచ్చుకునేవాడు అనుకుంది. "అబ్బ, ఇప్పుడు గీతలంటే గీతలు" అన్నాడు డెట్లెఫ్ తలుపులోంచి.

కెర్స్టిన్ చెయ్యి వచ్చి ఆమె జేబులోకి దూరింది, తోడు కోసం, చీకట్లో పిల్లలు చేసినట్టు. గుడ్రున్ లాక్కోలేకపోయింది.

"నీ చేతులు కాలిపోతున్నాయే!"

"నీళ్లు పోశాను కదా. వాడి మొహం మీది సున్నం తగిలి ఉంటుంది."

"అయ్యో, నర్సుకు చూపించు."

"తరవాత. ముందు వాడి సంగతి కానీ."

అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు. పూర్తిగా అబద్ధం కూడా కాదు. పోలీసామె అడిగినప్పుడు కావలసిన పెద్దది కూడా ఇంత తేలిగ్గానే వస్తుందా? చెప్పేస్తే. ఇప్పుడే, ఈ చెయ్యి తన చేతిలో ఉండగానే, కెర్స్టిన్, నేనే పోశాను అనేస్తే. ఆ మాట తరవాత ఏముంటుందో చూడబోయింది. ఈ చెయ్యి వెనక్కి పోతుంది. కంచె ఉంటుంది, అవతల ఎవరూ ఉండరు. కిటికీ తెరలు. రొట్టెల దుకాణంలో తను రాగానే ఆగిపోయే మాటలు. ఇల్లు అమ్ముకుని పోవడానికి ఎవరున్నారు, ఎక్కడికి? ఈ వయసులో, ఆ ఊళ్లో, ఆశ్రమంలో ఆయన ఉండగా. ఆయనకు తెలియదు. ఆయనకు ఏదీ తెలియదు. డెట్లెఫ్ అన్నది నిజమే, ఆయనకు నొప్పి లేదు. నొప్పి లేనిచోట బరువు దించితే తప్పేమిటి? తప్పే. తెలుసు. గోడవైపు తిప్పిపెట్టిన మాటలు కూడా ఉంటాయి, తెలిసే లాగుతాం.

తలుపు తెరుచుకుంది. డాక్టరు వచ్చాడు, సిరియా నుంచి వచ్చినవాడు, ఒక్కో మాటా తూచినట్టు మాట్లాడతాడు. కెర్స్టిన్ లేచింది. అతను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఎడమ కన్ను ఇంకా చెప్పలేం. కొన్ని వారాలు చూడాలి. కుడి కన్ను నల్లగుడ్డు తెల్లబడిపోయింది, అమ్మా. గుడ్డు ఉడికితే తెల్లబడుతుంది కదా, ఇక వెనక్కి రాదు కదా. అలాగ."

"ఆపరేషన్ చేస్తే?"

"చేస్తాం. చూపు కోసం కాదు. కన్ను నిలబెట్టడానికి."

కెర్స్టిన్ అరవలేదు. "వాడు లారీ నడపడానికి పరీక్ష కట్టాడు" అంది, డాక్టరుతో కాదు, గోడతో. లోపలినుంచి ఫాల్క్ గొంతు, మందు మత్తులో బొంగురుగా, "అమ్మా, బంతి గీత దాటిందా? రిఫరీ ఏమిచ్చాడు?" అంది. ఆట అక్కడే ఆగిపోయిందని, ఎవరూ ఏమీ ఇవ్వలేదని ఎవరు చెబుతారు?

పోలీసమ్మాయి అప్పుడే వచ్చింది, టోపీ చంకలో పెట్టుకుని, తడిసిన బూట్లు గుమ్మం దగ్గర తుడుచుకుని. ఫాల్క్ ఈడుదే ఉంటుంది. కెర్స్టిన్‌తో క్షమించమంటూ మొదలుపెట్టింది. తరవాత గుడ్రున్ వైపు తిరిగింది.

"గుడ్రున్ బేరెంట్ గారూ, గీతలు గీసింది మీరేనట కదా. బండిలో ఆ పొడి ఎవరు పోశారు?"

నడవాలో అందరూ గుడ్రున్ వైపు చూశారు. ఆమె నోరు తెరిచింది. నాలుక మీద మాట ఉంది, చిన్నదే, నేనే అన్న ఒక్క మాట. కెర్స్టిన్ ఆమె వైపు చూస్తోంది, ఇంకా ప్రేమగానే, ఇంకా తన మనిషిని చూసినట్టే. ఆ చూపు ఇంకొక్క క్షణం ఉంచుకుందామనుకుంది గుడ్రున్. ఒక్క క్షణమే.

ఆ క్షణంలో డెట్లెఫ్ మాట్లాడాడు.

"బండి ముందే నిండి ఉందండీ. వీళ్లాయన లోటార్, మా పాత మైదానం మనిషి. మతి పోయింది పాపం, ఆశ్రమంలో ఉంటాడు. మొన్న తప్పించుకుని వచ్చి ఏదో సంచి ఎత్తిపోసినట్టున్నాడు. ఈవిడకేం తెలుసు, లాగింది."

"అంతేనా, బేరెంట్ గారూ?"

గుడ్రున్ తల ఊపింది. చాలా కొద్దిగా. అయినా చాలింది.

లోటార్ అంటే క్షమిస్తుందన్నాడు డెట్లెఫ్. "లోటారా" అంది కెర్స్టిన్, మెల్లగా. "నా కొడుకుని గోల్‌లో నిలబెట్టిందీ ఆయనే." అంతలోనే గొంతు మారింది. "అలాంటివాణ్ని బయటికి ఎలా వదులుతారండీ? తలుపులకు తాళాలుండవా?"

"ఆశ్రమం వాళ్లతో ఇవాళే మాట్లాడతాను" అంది పోలీసమ్మాయి. "తాళం వేసే విభాగం వేరే ఉంటుంది వాళ్లకు. అక్కడికి మార్చేస్తారు. అక్కడ ఎవరి గదిలో వాళ్లుంటారు, ఇలా తిరగడాలు ఉండవు."

ఎవరి గదిలో వాళ్లు. నడవా ఉండదు. శనివారం ఉండదు. గుడ్రున్ డెట్లెఫ్ వైపు చూసింది. అతను కాఫీ యంత్రం వైపు చూస్తున్నాడు. ఇప్పుడైనా అనవచ్చు. ఆగండి, కాదు అనవచ్చు. కెర్స్టిన్ ఏడుస్తూ ఆమె భుజం మీద వాలిపోయింది. "నీ తప్పు కాదే, నీ తప్పేమీ లేదే" అంటూ. గుడ్రున్ ఆమె వీపు నిమిరింది, మండుతున్న చేత్తో, నిమురుతూనే ఉండిపోయింది.

ఇది చదివిన మీరు వోల్టర్స్‌లేబెన్‌కు ఎన్నడూ వెళ్లరు. వెళ్లి ఎవరినడిగినా ఫాల్క్ కన్ను తీసింది మతిలేని లోటార్ అనే చెబుతారు. గుడ్రున్ కాదనదు. తానెవరో తనకే గుర్తులేనివాడు తన తరపున ఏం చెప్పుకుంటాడు? అందుకని మీరు గుర్తుంచుకోండి. అతని పేరు లోటార్ బేరెంట్. ఆ ఆదివారం అతను ఆశ్రమం భోజనాల గదిలో, మెడకు తువ్వాలు కట్టించుకుని, ఎవరో తినిపిస్తుంటే ఆలుబుఖారా కేకు తింటున్నాడు. ఆ సంచిని అతను ముట్టుకోలేదు.